రానివాళ్ల పళ్లెం

ఇస్నాపూర్‌లో నేను కిరాయికి ఉన్న ఇంటిని అందరూ బాలప్ప కట్టించిన గదులు అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బాలప్ప కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి. వచ్చిందంతా కల్లు కాంపౌండులో పోసి వచ్చే మనిషి. ఆ గదులు లేచింది ఆయన భార్య సోమమ్మ కువైట్‌లో పరాయివాళ్ల ఇల్లు ఊడ్చి పంపిన పైసలతో. ఆమె పోయినప్పుడు కూతురు అరుణకు నాలుగేళ్లు. పిల్లను అత్త ఎంకమ్మ చేతిలో పెట్టి, జల్దీ వస్తానని చెప్పి విమానమెక్కింది.

ఆమె పనిచేసిన ఇంటి మేడమ్‌ది పోలండ్ దేశం. భర్త చమురు కంపెనీలో ఇంజనీరు. 1990లో వేసవి సెలవులకు వాళ్లు సొంత దేశానికి పోతూ సోమమ్మను వెంట తీసుకుపోయారు. అక్కడ మేడమ్ తల్లికి పక్షవాతం వచ్చి ఒక చెయ్యీ ఒక కాలూ పడిపోయాయి, చూసుకోవడానికి మనిషి కావాలి. నెల రోజుల్లో తిరిగి వస్తాం కదా అని సోమమ్మ ఇంటికి కబురు కూడా చెయ్యలేదు. ఆ నెలలోనే కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చి పడింది. ఇక తిరిగి పోయేది ఎక్కడికి?

సోమమ్మకు చదువు రాదు. కువైట్‌లో కడప నుంచి వచ్చిన డ్రైవర్ ఒకడు ఆమెకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. పోలండ్‌లోని ఆ ఊళ్లో తెలుగు వచ్చిన మనిషి కాదు కదా, తెలుగు అనే భాష ఒకటి ఉందని తెలిసిన మనిషి కూడా లేడు. మీ ఇంటికి నేను రాశానని మేడమ్ చెప్పేది. రాసిందో లేదో ఆమెకే తెలియాలి. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉండేది. టికెట్ ఎప్పుడని అడిగితే వచ్చే ఏడు అనేది. సోమమ్మ ముసలమ్మకు స్నానాలు చేయిస్తూ, ముద్దలు తినిపిస్తూ, ఆమె దగ్గరే ఆ భాష ముక్కలు ముక్కలుగా నేర్చుకుంది.

అక్కడి మొదటి క్రిస్మస్ గురించి చెప్పినప్పుడల్లా సోమమ్మ చేపతోనే మొదలుపెట్టేది. పండుగ ఇంకా కొన్నాళ్లుందనగా మేడమ్ బతికున్న చేపను తెచ్చి స్నానాల తొట్టిలో వదిలింది. ఇంటిల్లిపాదీ దానికి పేరు పెట్టి ముద్దు చేశారు. తీరా పండుగనాడు చంపాల్సి వచ్చేసరికి ఒక్కరికీ చేతులు రాలేదు. కత్తి తెచ్చి సోమమ్మకు ఇచ్చారు. దయగల ఇళ్లలో ఇలాంటి పనులకు ఒక సోమమ్మ ఉండనే ఉంటుంది.

సాయంత్రం బల్ల మీద ఎండుగడ్డి పలచగా పరిచి పైన తెల్లగుడ్డ కప్పారు. దేవుడు పశువుల కొట్టంలో పుట్టాడు కాబట్టి గడ్డి అట. ఆకాశంలో మొదటి చుక్క పొడిచేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. చుక్క కనపడగానే కాగితమంత పలచని అప్పాన్ని ఒకరి చేతిలోది ఒకరు విరుచుకుని తిని, ఒకరి మేలు ఒకరు కోరుకున్నారు. ముసలమ్మ తన దాంట్లోంచి సోమమ్మకూ ఒక ముక్క విరిచి ఇచ్చింది. సోమమ్మకు ఇదంతా బాగా నచ్చింది. ఒక్కపొద్దు, చుక్క, ప్రసాదం, అన్నీ తెలిసినవే అనిపించాయి. బల్ల మీద మాత్రం ఉన్న మనుషుల కంటే ఒక పళ్లెం ఎక్కువ ఉంది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

ఆమెకు వెంటనే అర్థమైంది, అంటే అర్థమైందని అనుకుంది. మన దగ్గర బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాడు, చనిపోయినవాళ్ల పేర విస్తరి వేసి, వాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టి మొక్కుతాం. వీళ్లూ పెద్దలకు పెట్టుకుంటున్నారు, వడ్డించడం మరిచిపోయినట్టున్నారు అనుకుంది. చేపలో మంచి ముక్క చూసి, మిగతావి కొంచెం కొంచెం తెచ్చి ఆ ఖాళీ పళ్లెంలో వడ్డించింది. పక్కన నీళ్లు పెట్టి రెండు చేతులెత్తి మొక్కింది. వచ్చీరాని మాటల్లో ముసలమ్మను అడిగింది, ఎవరు చచ్చిపోయారని.

మేడమ్ లేచి వచ్చి ఆమె చెంప మీద కొట్టింది. పళ్లెం తీసుకుపోయి చెత్తబుట్టలో బోర్లించింది. ముసలమ్మ కొడుకు ఎన్నో ఏళ్ల కింద ఓడ పని మీద దేశం దాటి పోయాడు, కబురు లేదు. ఆ పళ్లెం ఆయన కోసం, ఆయనలాగా తోవలో ఉన్న ఎవరి కోసమైనా. ఆ రాత్రి తలుపు కొట్టిన మనిషి ఎవరైనా సరే లోపలికి పిలిచి అన్నం పెట్టాలి. అందుకని ముందే పళ్లెం పెట్టి ఉంచుతారు. తర్వాత ముసలమ్మే సోమమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, బాగున్న ఒక్క చేత్తో సైగలు చేస్తూ ఇదంతా చెప్పింది.

మరుసటి ఏడు ముసలమ్మ, ఆ కుర్చీ ఎలాగూ ఖాళీగానే ఉంది కదా, సోమమ్మను కూర్చోమందాం అన్నది. మేడమ్ ఒప్పుకోలేదు. అది బయటి నుంచి వచ్చేవాళ్లకు, ఈమె ఇంట్లోనే ఉంది కదా అన్నదట. ఇంట్లో ఉంది కాబట్టి అతిథి కాదు. ఇంటి మనిషి కాదు కాబట్టి సొంత పళ్లెం లేదు. పనిమనిషి దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఎక్కడలేని న్యాయమూ గుర్తొస్తుంది. సోమమ్మ వంటింట్లో నిలబడి తిన్నది. అయినా ఆ ఆచారం మీద ఆమెకు ప్రేమే కలిగింది. ఇస్నాపూర్‌లో తన కోసం కూడా అలాగే చూస్తుంటారని, తన జాగా ఉంచుతారని నమ్మింది. ఏటా ఆ ఖాళీ పళ్లేన్ని తనే తుడిచి పెట్టేది. ఆ ఒక్క నమ్మకం మీద అన్నేళ్లు బతికింది.

ఇక్కడ ఇస్నాపూర్‌లో ఏమైందో చెప్తాను. యుద్ధమప్పుడు కువైట్ నుంచి మనవాళ్లు బొంబాయిలో వచ్చి దిగారు. సోమమ్మ రాలేదు. ఆమెను కువైట్ పంపిన ఏజెంటును అడిగితే ఆమె పనిచేసే ఇంటికి తాళం ఉంది, అంతకుమించి తెలియదన్నాడు. బాలప్ప ఆ మాటలో తనకు కావలసింది విన్నాడు. ఏడాది ఆగాడు, పాపం. తర్వాత శవం లేకుండానే దినాలు చేసి, నెల తిరగకముందే పుష్పమ్మను చేసుకున్నాడు. పుష్పమ్మ చెడ్డది కాదు. అరుణకు తల దువ్వింది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది. పిల్ల ఆమెనే అమ్మా అని పిలిచేది.

1994లో పోలండ్ ముసలమ్మ చనిపోయింది. మేడమ్‌కు పని తీరింది కాబట్టి టికెట్ వెంటనే దొరికింది. సోమమ్మ బొంబాయిలో దిగి, హైదరాబాద్ బస్సెక్కి, ఇస్నాపూర్‌లో దిగింది. ఆ రోజు పెత్రమాస. ఆమెకు ఆ సంగతి తెలియదు. పోలండ్‌లో అమావాస్యలు ఎవరు చెప్తారు?

నేను సెకండ్ షిఫ్టుకు పోవడానికి నా గది ముందు కూర్చుని బూట్లు వేసుకుంటున్నాను. చేతిలో సంచితో ఒక ఆడమనిషి వాకిట్లోకి వచ్చింది. ఎవరు కావాలని పుష్పమ్మ అడిగింది. ఆ గొంతు విని బయటికి వచ్చిన ఎంకమ్మ, వచ్చినామె ముఖం చూసి, వెంటనే కాళ్ల వైపు చూసింది, పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. తిరిగి లేవు. ఎంకమ్మ లోపలున్న కొడుకును కేకేసింది.

సోమమ్మ వీళ్లెవరినీ చూడటం లేదు. తెరిచిన తలుపులోంచి లోపల వేసిన విస్తరిని చూస్తోంది. చనిపోయిన మామ పేర వేసిన విస్తరి తలుపు చాటున పడింది, ఆమెకు కనిపించింది ఒక్కటే. అన్నం, గారెలు, ఆమెకు ప్రాణమైన ఎండుచేపల పులుసు. పక్కన కొత్త రవిక గుడ్డ, పచ్చగాజులు. దాని ముందు ఎవరూ కూర్చోలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది. అంత సంతోషం మళ్లీ ఆ ముఖంలో నేను చూడలేదు.

"నాకేనా? నేనొస్తనని పెట్టిన్రా?" అన్నది.

గడపలో నిలబడ్డ అరుణ, అప్పటికి పదేళ్ల పిల్ల, ఊరికి కొత్తవాళ్లకు చెప్పినట్టు చెప్పింది. "గా ఇస్తరి సచ్చిపోయిన మా అమ్మది. ఇయ్యాల పెత్రమాస గదా."

అప్పుడు బాలప్ప లోపలి నుంచి వచ్చాడు. భార్య బతికి వచ్చిందని ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆయన "గిప్పుడొచ్చి ఏం జేస్తవే? అంత అయిపాయె," అన్నాడు.

సోమమ్మ చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, లోపలికి పోయి ఆ విస్తరి ముందు కూర్చుంది. బొంబాయి నుంచి ఏమీ తినలేదట. మెతుకు వదలకుండా తిన్నది. ఎవరూ ఆపలేదు, ఎవరూ మారు వడ్డించలేదు. ఆమె లేచాక ఎంకమ్మ అరుణను పిలిచి విస్తరి తీసి పారెయ్యమన్నది. నేను ఆ రోజు షిఫ్టుకు పోయి ఏం పని చేశానో నాకే తెలియదు.

కులపెద్దలు కూర్చున్నారు. పుష్పమ్మకు అప్పటికే నెలలు నిండుతున్నాయి, ఆమెను పొమ్మనలేరు. సోమమ్మకు నా పక్క గది ఇచ్చి, కిరాయి సగమే తీసుకోవాలని తీర్పు చెప్పారు. తను కట్టించిన గదికి తనే కిరాయి. పెద్దమనుషులు అంత ధర్మాత్ములు. సోమమ్మ కాజీపల్లిలో ఊడ్చే పనికి చేరింది. మరుసటి పెత్రమాసకు కూడా ఆ ఇంట్లో ఆమె పేర విస్తరి వేశారు. పెద్దల్లో ఒకసారి కలిసిన పేరును తీసేస్తే కొత్తగా పుట్టిన పిల్లాడికి మంచిది కాదని అయ్యగారు చెప్పాడట. వాకిలికి ఆ పక్క ఆమెకు దండాలు పెడుతున్నారు, ఈ పక్క ఆమె గిన్నెలు తోముకుంటోంది.

ఆ డిసెంబరులో, క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం, ఆమె నన్ను అన్నానికి పిలిచింది. పటాన్‌చెరు నుంచి చేప తెచ్చి వండింది. నేల మీద ఎండుగడ్డి పరిచి పాత తెల్లచీర కప్పింది. చుక్క కోసం గడపలో కూర్చున్నాం. ఫ్యాక్టరీ పొగలో ఏ చుక్కా కనపడలేదు. చిమ్నీ మీద ఎర్ర లైటు వెలిగాక, ఇగ గదే చాలు పా అని లోపలికి తీసుకుపోయింది. మూడు స్టీలు పళ్లేలు ఉన్నాయి. నేను మూడోదాని ముందు కూర్చోబోతే చెయ్యి పట్టి పక్కకు జరిపింది.

అప్పుడే కరెంటు పోయింది. దీపం వెలిగించేసరికి అరుణ గడపలో ఉంది, అగ్గిపెట్టె కోసం వచ్చింది. ఖాళీ పళ్లెం చూసి, "ఎవలు సచ్చిన్రు?" అని అడిగింది.

"ఎవ్వలు సావలే బిడ్డా. తొవ్వల ఉన్నోళ్లు వస్తరని పెడ్తరు గది," అన్నది సోమమ్మ. "జెర కూసో. ఒక్క బుక్క తినిపో."

అరుణ ఒక కాలు గడప లోపల పెట్టింది. సోమమ్మ చెయ్యి గంటె మీదికి పోయింది. పిల్ల చేప వైపు చూసింది, పళ్లెం వైపు చూసింది, వెనక్కి తిరిగి వాకిలి అవతలికి చూసింది.

"వద్దు. మా అమ్మ తిడ్తది," అని అగ్గిపెట్టె తీసుకుని పోయింది.

చేపంతా సోమమ్మ నాకే వడ్డించింది. తినలేకపోయాను. ఆమె ఆ ఖాళీ పళ్లెం బయటికి తీసుకుపోయి, అందులో ఏమీ లేకపోయినా, బూడిద వేసి తోమింది.