డాక్టరమ్మ చేతి మాత్ర

మొన్న దగ్గు పట్టుకుని వదలకపోతే రాయపూర్ దగ్గర కుమ్హారిలో ఓ చిన్న క్లినిక్‌కి వెళ్లాను. అక్కడి డాక్టరు చీటీ రాయకుండా వెనక్కి తిరిగి అల్మారా తెరిచాడు. స్పిరిట్టూ, వామూ, పాత అట్టపెట్టెలూ కలిసిన వాసన గుప్పుమంది. ఎన్నాళ్లయిందో ఆ వాసన పీల్చి! అంతే, దగ్గు సంగతి మరిచిపోయి మనసులో మా డాక్టరమ్మ ముందుకెళ్లి నిలబడిపోయాను.

మా ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో సెక్టర్ 7 బజారు వెనక ఉండేది ఆవిడ క్లినిక్. విజయనగరం మనిషి. ఇప్పుడు లేరు. మందులన్నీ తన కుర్చీ వెనకే పెట్టుకుని, తన చేత్తోనే ఇచ్చేవారు. చదువురాని వాళ్లకి పొట్లం మీద పొద్దుటి మాత్రకి సూర్యుణ్ణీ, రాత్రి మాత్రకి చంద్రుణ్ణీ గీసేవారు. ఆ సూర్యుడు అచ్చం కోడిగుడ్డులా ఉండేవాడు, అది వేరే సంగతి. ప్లాంటు ఉద్యోగులకు వాళ్ల ఆసుపత్రి ఉండనే ఉంది కనుక, ఆవిడ బెంచీ మీద కూర్చునేది చాలావరకు కాంట్రాక్టు పనివాళ్లే.

క్వార్టరూ, ఆసుపత్రి కార్డూ ఉన్న మా నాన్న అలాంటి చోటికి ఎందుకు వెళ్లాడంటే, రోగం దాచుకోవడానికి. నాన్న ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. కింద మనుషులు పనిచేస్తుంటే, కరిగిన ఉక్కు నింపిన గంగాళాన్ని పైనుంచి నడిపించే పని. ఓ ఆదివారం గడ్డం గీసుకుంటూ మూర్ఛ వచ్చి పడిపోయాడు. అది రెండోసారని అమ్మ తర్వాత చెప్పింది. ఆసుపత్రిలో తెలిస్తే ఇక క్రేన్ ఎక్కనివ్వరు. ఆ క్రేన్ తప్ప మా నాన్నకి చెప్పుకోవడానికి వేరే గొప్పేమీ లేదు.

డాక్టరమ్మ రాయపూర్‌లో స్కాన్ తీయించి, అంతా విని, "మందు వాడితే అదుపులో ఉంటుంది. కానీ నువ్వు క్రేన్ ఎక్కకూడదు రావూ. మీవాళ్లకి చెప్పెయ్యి" అన్నారు.

"సెప్తే నన్ను దించేత్తారమ్మా. సీటీ రాయకండి, మందు మీరే ఇచ్చీండి. ఎవులికీ తెలీదు."

"ఇస్తాను. రోజుకి ఒక్కటే ఇస్తాను. పొద్దున్నే వచ్చి నా ఎదురుగా మింగు. మీవాళ్లకి చెప్పేదాకా సెలవు పెట్టు. ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి చెప్తాను."

"మీరు సెప్తే నాను మందే మానేత్తాను" అన్నాడు నాన్న మొండిగా.

ఆవిడ మండిపడతారనుకున్నాను. పడలేదు. స్ట్రిప్పులోంచి ఒక మాత్ర కత్తిరించి నాన్న అరచేతిలో పెట్టి, మంచినీళ్ల గ్లాసు అందించారు.

నేనప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాను. స్కూటీ మీద నాన్నని తీసుకెళ్లేది నేనే. ఆవిడ రోజూ ఒకే మాట అడిగేవారు, "నిన్న ఎక్కేవా?" అని. "నేదమ్మా, సెలవులో ఉన్నాను" అనేవాడు నాన్న. పచ్చి అబద్ధం! సెలవూ లేదు, గిలవూ లేదు, శుభ్రంగా డ్యూటీకి పోతున్నాడు. అమ్మ ఏడ్చి మొత్తుకుంది. నేను గొంతు చించుకుని దెబ్బలాడాను. "నీకేటి తెల్సే!" అని నన్ను కసిరాడు. ఆ వారం నాన్న ఇంటికొచ్చేదాకా మాకు ముద్ద దిగేది కాదు.

ఓ పొద్దున్న డాక్టరమ్మ నాన్న బూట్లకేసి చూశారు. వాటినిండా ప్లాంటు నల్లదుమ్ము. "కాసేపు కూర్చో రావూ" అని బెంచీ చూపించి, అక్కడున్న మనిషి చేతికట్టు విప్పడం మొదలుపెట్టారు. అతని పేరు సమారూ, ఛత్తీస్‌గఢీవాడు. నాన్న క్రేన్ కిందే అతని పని. నాన్నని చూడగానే మొహం చాటంత చేసుకుని, "అరే రావ్ భయ్యా, ఆప్ యహాఁ?" అని, మీరిక్కడేమిటన్నట్టు చూశాడు. నాన్న జలుబని గొణిగాడు.

డాక్టరమ్మ కాలిన గాయానికి మందు పూస్తూ, నెత్తిమీద అంత నిప్పు వేలాడుతుంటే కింద నిలబడటానికి భయం వెయ్యదా అని హిందీలో మామూలుగా అడిగారు.

"ఊపర్ రావ్ భయ్యా హే, త కా కే డర్, డాక్టరిన్ దీదీ!" అని నవ్వేశాడు సమారూ. పైన రావు భయ్యా ఉండగా ఇంక భయమెందుకట!

డాక్టరమ్మ నాన్నవైపు కన్నెత్తి కూడా చూడలేదు. రోగం పేరెత్తలేదు. కొత్త కట్టు కట్టి, సమారూని పంపించేశారు. నాన్న తన బూట్ల మీది నల్లదుమ్ము చూసుకున్నాడు. తర్వాత లేచి, "పదమ్మా, ఫోర్‌మేన్ కాడికెల్దాం" అన్నాడు. ఆ పూటే చెప్పేశాడు. క్రేన్ పోయింది, స్టోర్‌లో కూర్చోబెట్టారు.

మర్నాడు ఎప్పటిలాగే వెళ్లాం. డాక్టరమ్మ రోజూ అడిగే మాట అడగలేదు. నాన్న మొహం చూశారు, అంతే. అల్మారాలోంచి స్ట్రిప్పు తీసి, కత్తెర ముట్టుకోకుండా మొత్తం నాన్న చేతిలో పెట్టేశారు.

"ఇంక రోజూ రానక్కర్లేదు రావూ. ఇంట్లోనే వేసుకో."

ఎవరి ముందూ కంటతడి పెట్టని మా నాన్న అక్కడే బావురుమన్నాడు. అమ్మో, ఏం మనిషండీ! ఇవాళ్టికీ ఆవిణ్ణి తలుచుకుంటే చేతులు వాటంతటవే జోడవుతాయి.

నేనిప్పుడు హథ్‌ఖోజ్‌లో ఓ చిన్న ఫ్యాక్టరీలో షిఫ్టు చూస్తున్నాను. మాకూ ఒక క్రేన్ ఉంది. రోజూ పని మొదలయ్యే ముందు ఆపరేటరునీ, కింద పనిచేసేవాళ్లనీ ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి పేరు ఒకరిచేత పిలిపిస్తాను. ఈ దీదీకి చాదస్తమని నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీండి. కిందవాళ్ల మొహాలు చూడకుండా మాత్రం ఎవర్నీ పైకి ఎక్కనివ్వను.