ఆకాశం కింద తల వంచిన చాచా

చాచా పోయాడని మొన్న దవాఖానలో నర్సమ్మ చెప్పింది. ఇంట్లో, నిద్రలోనే పోయాడట. నా బిడ్డ పక్క మంచం మీద అప్పటికే వేరే మనిషి ఉన్నాడు.

చాచా మాకు చుట్టం కాడు. గోదావరిఖనిలో వయసంతా బొగ్గుబాయి దిగి రిటైరైన మనిషి. నేను షేర్ ఆటో నడిపినవాణ్ణి. నా బిడ్డ, ఆయన ఒకే రోజుల్లో డయాలసిస్‌కు వచ్చేవాళ్లు. అంతే మా బంధుత్వం.

వార్డులో అందరూ బిడ్డను అడిగేవాళ్లు, గీ వయసుల గీ రోగమేందని, పెండ్లి సంగతేందని. చాచా ఒక్కనాడూ అడగలేదు. ఎందుకని నేనడిగితే, "బాయిల ఎదురొచ్చినోని కండ్లల్ల టోపీ లైటు కొట్టద్దు అన్నా. కిందికి దించి మాట్లాడాలె" అన్నాడు.

ఒకరోజు బిడ్డ గడపలోనే నిలబడిపోయింది. "బాపు, ఇగ నేను రాను. ఆ పైపులల్ల నా నెత్తురు చూసుకుంట పండలేను." మానేస్తే ఏమవుతుందో డాక్టరు ముందే చెప్పాడు. ఈ ఒక్కసారి రమ్మని బతిమాలి తీసుకుపోయాను.

ఆ రోజే నర్సమ్మ వీఆర్ కళ్లజోడు తెచ్చింది. డబ్బాలాంటిది. పెట్టుకుంటే చుట్టూ కొండలు, వాగులు కనిపిస్తాయట. బిడ్డ తల అడ్డంగా ఊపింది.

"ఇటు తే. కొత్త బాయిల పాతోడే ముందు దిగాలె" అంటూ చాచా పెట్టుకున్నాడు. మరుక్షణమే తలను భుజాల్లోకి దించేశాడు.

నర్సమ్మ భయపడింది. "ఏమైంది చాచా, కండ్లు తిరుగుతున్నయా?"

"లేదు బేటీ, బాయిల లెక్క పైకప్పు తగుల్తదేమోనని."

"ఆడ కప్పేడిది? పైనంత ఆకాశమే గదా!"

"అరె, నిజమే! గింత ఆకాశం కింద వంగి నడుస్తున్న, పాగల్‌గాణ్ణి!"

నా బిడ్డ నవ్వింది. ఎన్నాళ్లకు విన్నానో ఆ నవ్వు! సూది లేని చెయ్యి చాచింది. "ఇగ చాలు చాచా, నాకియ్యి."

"ఇస్త గని, అంత నువ్వే చూడకు. నాకింత ఉంచు."

నెత్తురు కడిగేది మిషనే, కళ్లజోడు కాదు. కానీ మిషను మీదున్న నాలుగు గంటల్లో బిడ్డ కొండల మీద తిరిగొచ్చేది. తర్వాత తనే నన్ను తొందరపెట్టేది: "బాపు, జల్ది! చాచా ముందుగల్ల పెట్టుకుంటడు!" నా ఆనందం నేనేమని చెప్పను! బజారులో కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. నా బిడ్డను నాకు మళ్లీ ఇచ్చావని చాచా చేతులు పట్టుకుంటే, "నేనేం జేసిన అన్నా? తల వంచిన, గంతే" అని చేతులు విడిపించుకున్నాడు.

ఆయన పోయాడని విన్నాక బిడ్డ మళ్లీ రానంటుందేమోనని నాకు భయం పట్టుకుంది. ఇవాళ నేను లేచేసరికే తయారై కూర్చుంది. మంచం ఎక్కింది, సూదులు పెట్టించుకుంది, కళ్లజోడు తనే అడిగి పెట్టుకుంది.

పెట్టుకోగానే తలను భుజాల్లోకి దించింది, అచ్చం చాచాలాగే. పైన ఏదీ తగలదని తెలిసీ కాసేపు అలాగే ఉంచింది. తర్వాత మెల్లగా తలెత్తింది.