సణగని మనుషులు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాఫీ తాగాక మనసు ఒప్పుకోలేదు.

న్యూజెర్సీలో నేను లెక్కలు రాసే గోడౌన్‌లో ఇవాళ లంచ్‌ టైమ్‌లో కార్ల్ ఒక యుద్ధం సినిమా క్యాసెట్ పెట్టాడు. వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి, ఇప్పుడు మా క్రేన్ ఆపరేటర్. నాకు యుద్ధం సినిమాలంటే గుర్రాలుండాలి, అది వేరే కథ. ఇందులో ఒక కుర్ర లెఫ్టినెంట్, ఎవరు వద్దన్నా వినకుండా సిపాయిల్ని కొండెక్కమంటాడు. వాళ్ళు కొంతసేపు సణిగి, తర్వాత మానేస్తారు.

"ఆఫీసర్ తన సిపాయిలకి భయపడాల్సింది ఇక్కడే," అన్నాడు కార్ల్.

మా సూపర్‌వైజర్ ప్రసాద్ తెలుగు కుర్రాడే. క్రేన్ గొలుసు జారుతోందని కార్ల్, మిగతా పనివాళ్ళు నెల్లాళ్ళుగా మొత్తుకుంటున్నా, రేపు దాంతోనే పెద్ద మోటారు ఎత్తాలన్నాడు. ఇవాళ ఎవరూ ఏమీ అనలేదు.

"అబ్బాయ్, వీళ్ళు నోరెత్తడం లేదు, చూశావా? ఆ గొలుసు మార్పించు," అన్నాను.

"దార్లోకొచ్చారు బాబాయ్‌గారూ. రేపు నేనే పక్కన నిలబడి లిఫ్ట్ చేయిస్తా."

సినిమాకి అతను రాలేదు మరి. మీరైతే ఇంకేం చెప్పేవారో రాయండి.

అయిదింటికి కార్ల్ నేను రోజూ కూర్చునే కుర్చీని క్రేన్‌ దగ్గర్నుంచి అవతలి గోడ దాకా జరిపి, ఇంటికి వెళ్ళాడు.