నాన్న ఇవ్వని అరెకరం

పక్కింటి వాళ్ళకు ఊరినుంచి కొత్త బియ్యం వచ్చినట్టున్నాయి. పొద్దున్నే గంజి వార్చిన వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. పాలలా, పచ్చిగడ్డిలా, కాస్త తడిమట్టిలా ఉండే ఆ వాసన తగలగానే చేతిలో పని ఆగిపోయి, భీమవరానికి కొంచెం దూరంలోని మా ఊరూ, కాలవగట్టు కింద మా అరెకరం చేనూ, అందులో మోకాళ్ళదాకా బురదతో నిలబడ్డ మా నాన్నా కళ్ళముందుకొచ్చారు. ఆయన నావైపు చూడడు. ఎప్పుడు గుర్తొచ్చినా అంతే, అటు తిరిగే ఉంటాడు.

నాన్న మా పేట బడిలో పంతులు. జీవితమంతా పరాయి చేలల్లో పాలేరుగా చేసిన తాతయ్య ఆఖరికి సంపాదించింది ఆ అరెకరమే. బడి వదలగానే నాన్న తెల్లచొక్కా విప్పి, మడతపెట్టి, గట్టుమీద తాటిమట్ట కింద దాచి చేలోకి దిగేవాడు. ఆయన కలుపు తీస్తుంటే నేను పీత బొరియల్లో గడ్డిపరకలు దూర్చి, పీత పరకను పట్టుకోగానే పైకి లాగి, మళ్ళీ భయపడి వదిలేసేదాన్ని. తొలకరికి కప్పల గోల, కార్తెలు మారేకొద్దీ రంగు మారే చేను, వంగిన వెన్నుల మధ్య తెల్లకొంగలు. కోతలయ్యాక చర్చిలో కోతపండగ. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, మధ్యలో నాన్న నెత్తిన పెట్టుకుని తెచ్చిన తొలి వరిపన. అమ్మ పూటపూటా ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం తీసి దేవుడి కుండలో వేసేది. ఇంట్లో చాలకపోయినా ఆ గుప్పెడు తగ్గేది కాదు.

మా చేనికి ఆనుకునే, మాకూ కాలవగట్టుకీ మధ్య మూలలో, మరియమ్మత్త చేను. ఆవిడ మాకు వరసకి అత్త. భర్త పోయాక ఒంటరిగా ఆ కాస్త చేనూ చేసుకుని బతికేది.

నాకు పదేళ్ళప్పుడు మా ఊరికి రొయ్యల చెరువులొచ్చాయి. ఒక్కో చేనూ తవ్వేసి ఉప్పునీళ్ళు నింపారు. చూస్తుండగానే పెంకుటిళ్ళు డాబాలయ్యాయి, డాబాల్లోకి టీవీలూ ఫ్రిజ్‌లూ వచ్చాయి. మాది మూడుచోట్ల కారే తాటాకిల్లు. క్రిస్మస్‌కి నా స్నేహితురాళ్ళు జరీ పరికిణీల్లో మెరుస్తుంటే, నేను బడి యూనిఫామ్ గుడ్డతోనే కుట్టించిన గౌనులో వెనక వరసలో కూర్చున్నాను.

ఒక సాయంత్రం మా చర్చి సంఘపెద్ద, చెరువులకి చేలు లీజుకి మాట్లాడే ఆయన్ని వెంటబెట్టుకొచ్చి అన్నాడు.

“చుట్టూ అందరూ ఇచ్చేశారండి మాస్టారూ. మీదీ మరియమ్మదీ మిగిలాయి. దేవుడు తలుపు తెరిస్తే మీరు మూసేస్తున్నారేంటండీ?”

నాన్న వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, మెల్లగా అన్నాడు. “నా చేలో ఉప్పునీళ్ళు పెడితే ఆవిడేం తింటాదండి? పక్కమనిషి కూడు పోగొట్టేదాన్ని దీవెనంటానికి నాకు నోరు రాదండి.”

వాళ్ళు వెళ్ళాక కుటుంబ ప్రార్థనకి చాప వేశారు. నేను మోకరించలేదు. “మనకేం ఇవ్వని దేవుడికి నేను దణ్ణం పెట్టను. నీవల్లే ఇలా ఉన్నాం” అని అరిచాను. అమ్మ చెయ్యెత్తింది. నాన్న ఆపాడు.

“కావాలనుకోటం తప్పు కాదే బుజ్జమ్మా. అది ఎవరి కంచంలోంచి వస్తందో చూసుకోవాలి” అని, కళ్ళు మూసుకుని ప్రార్థన ముగించాడు.

మేం ఇవ్వకపోయినా ఉప్పు ఆగలేదు. చెరువుల నీరు గట్లలోంచి ఊరి, మా వరి అంచులనుంచి ఎర్రబారింది. ఆ ఊట మరియమ్మత్త చేనిదాకా పోకుండా నాన్న మా చేలోనే అడ్డంగా ఓ లోతైన బోదె తవ్వి ఊటని మళ్ళించాడు. మా చేను పాడైంది, ఆవిడది నిలిచింది. ఆ ఏడు కోతపండగకి ఆయన తెచ్చిన పనలో సగానికి సగం తాలే. బలిపీఠం దగ్గర దాన్ని పెడుతుంటే ఎవరో కిసుక్కున నవ్వారు. నేను లేచి, ఆయన కూతుర్నని ఎవరికీ తట్టకుండా, దూరంగా మరో బెంచీమీదకి మారి కూర్చున్నాను. ఆయన తిరిగొచ్చి నా ఖాళీ చోటు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

ఏళ్ళు గడిచాయి. నాన్న పోయాడు, ఆ వెనకే అమ్మా పోయింది. నేను భీమవరంలో స్థిరపడి ఇల్లు కట్టుకుంటున్నాను. నేలకి పాలరాయి వేయించుకోవాలన్న కోరిక తప్ప నాకప్పుడు ఏ అవసరమూ లేదు. చెరువు లీజు కాగితం మీద సంతకం పెట్టాను. యంత్రం వచ్చి ముందు ఆ బోదెనే పూడ్చింది. మరియమ్మత్త కర్ర ఊతతో గట్టుమీదకొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“మీ నాన్న నిలబెట్టినన్నాళ్ళు నిలబడిందమ్మా. ఇంక నాదీ వాళ్ళని రాయించేసుకోమను, పండదు కదా” అని, నా తల నిమిరి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ దిగలేదు. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు మరీ తెలుస్తుంది.

మొన్నామధ్య ఊరెళ్ళాను. తొలకరి పడింది గానీ కప్పల గోల లేదు. కొంగలు లేవు. మంచినీళ్ళ చెరువు నీళ్ళు ఎవరూ తాగడం లేదు, తాగేనీళ్ళు ఆటోలో టిన్నుల్లో వస్తున్నాయి. చేలో కోసి తెచ్చేవాళ్ళే లేక కోతపండగ మానేశారు. మరియమ్మత్త పోయి రెండేళ్ళయిందట, నాకు కబురు చెయ్యాలని ఎవరికీ తోచలేదు. కాలవగట్టెక్కి చూస్తే కనుచూపుమేరా నీళ్ళే. వాటిలో మాది ఏదో, ఆవిడది ఏదో పోల్చుకుందామని చాలాసేపు నిలబడ్డాను. పోల్చుకోలేకపోయాను.