నా బిడ్డ పెంచిన సుడిదోమలు

కోకాపేటలో మా టిఫిన్ బండి దగ్గర దోసె తిరగేస్తుంటే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మా, జర జల్ది రా" అన్నది నర్సమ్మ. నేను పోయేసరికి నా బిడ్డ లేదు. జ్వరం తీసుకుపోయింది. అప్పటినుంచి ఫోన్ మోగితే చాలు, బోర్లించి పెడుతున్నాను. ఇంక వినడానికి ఏమీ మిగల్లేదని తెలుసు, అయినా భయమే.

నా బిడ్డ పురుగుల చదువు చదివింది. నాకు అంత చదువు లేదు, కూడబలుక్కుని రాస్తున్నాను. సాయంత్రం బండి మీద ట్యూబ్‌లైట్ వేస్తే పురుగులు ముసిరేవి. "అమ్మా, చట్నీల కొత్తిమీర ఎగురుతున్నది!" అని తినడానికి వచ్చినవాళ్లు ఎకసెక్కాలాడేవాళ్లు. నా బిడ్డ మాత్రం సీసా పట్టుకుని ఉరికొచ్చేది. "అన్నా, ప్లేటు కదపకు. అది నా చదువు."

అట్లా దొరికిందే ఈ సుడిదోమ. బియ్యపు గింజ కంటే చిన్నది, గోధుమ రంగు. మా నాయన వరిచేను సుడులు సుడులుగా మాడిపోయింది దీనివల్లే. "చంపు బిడ్డా" అన్నాను.

"ఇది వరిని తినేది కాదేమోనే అమ్మా. దాని చుట్టం. మురికినీళ్ల మోరీ పక్క గడ్డి మీద బతుకుతది. పైకి రెండూ ఒక్కతీరే ఉంటయి. మగదాని తోక కొస విప్పి భూతద్దంల చూస్తెనే ఏ జాతో తెలుస్తది."

"తెలిస్తే ఏం జేస్తవే?"

"తప్పు చేయనిదాన్ని తప్పు చేసినదానితోని కలిపి చంపొద్దు కద."

ఆ రోజు దొరికినవన్నీ ఆడవే. మియాపూర్‌లో మా కిరాయి ఇంటి బాల్కనీలో ఆ గడ్డినే కుండీలో నాటి, చుట్టూ దోమతెర గుడ్డ కట్టి పెంచింది. అవి గుడ్లు పెట్టాయి. పిల్లలు పెద్దవై మగవి బయటపడకముందే తనే పోయింది.

తన కాలేజీ సారు వచ్చి కుండీ ముందు కూర్చున్నారు. "మగవి వచ్చేదాకా కాపాడండమ్మా. ఆ మోరీ పక్కనంతా తవ్వేశారు. మళ్లీ దొరకవు."

ఒప్పుకున్నాను గానీ, నీళ్లు ఎక్కువైతే మునుగుతాయేమో, తక్కువైతే గడ్డి ఎండుతుందేమో. చీమ కనబడినా ఉలిక్కిపడ్డాను.

దినాల రోజు మా అక్క ఇల్లంతా సాంబ్రాణి పొగ తిప్పుతూ బాల్కనీలోకి పోయింది.

"అక్కా, ఆగు!"

"మైల పోవద్దా? పురుగులకు గింత పరేషానేందే నీకు!"

కుండీని కొంగుతో కప్పేసరికే పొగ తెరలోపలికి పోయింది. అక్క నా మొహం చూసి పొగ గిన్నె కింద పెట్టేసింది.

మర్నాడు పొద్దున తెర ముడి విప్పే ధైర్యం రాలేదు. అన్నీ రాలిపోయి ఉంటే? దవాఖానలో నా బిడ్డ మీది గుడ్డ ఎత్తేముందు కూడా ఇట్లాగే ఆగిపోయాను. చివరికి విప్పాను.

గడ్డి మొదట్లో ఎండు పొట్టు ఒకటి ఉంది. దాని పైన, అప్పుడే పొట్టు విడిచిన దోమ. పాలలాగా తెల్లగా, మెత్తగా, రెక్కలింకా ఆరకుండా. మగదో ఆడదో నాకు తెలియదు. నా ఊపిరికే రాలిపోతుందేమోనని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వంగి చూశాను.

అది నన్ను చూసింది కాబోలు. భయపడి, మెల్లగా కాడ వెనక్కి జరిగి దాక్కుంది.