మ్యూనిక్ చర్చి ముందు నేను విప్పిన బూట్లు

నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి. పరాయి దేశంలో, అదీ ఇంటికి బయల్దేరే ముందు రోజున, నా విమానాన్ని నేనే ఒక అట్టపెట్టెలో పెట్టి వచ్చిన మహాతల్లిని నేను. మోసం చేసినవాళ్లు లేరు, దారి తప్పించినవాళ్లు లేరు. ఘనతంతా నాదే. అక్షరం రానిదాన్ని కనుక నోటితో చెబుతున్నాను. ఫోన్లో విని రాసుకుంటున్న మా పద్మ ఇప్పటికే కిసుక్కుమంటోంది.

కరోనా రోజులు. మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉద్యోగం చేసే నా బిడ్డ పద్మ దగ్గర మూడు నెలలు ఉందామని పోయాను. విమానాలు ఆగిపోయి పదకొండు నెలలు ఉన్నాను. మా గల్లీ తప్ప జర్మనీ అంతా కిటికీలోంచే చూశాను. ఎట్టకేలకు సోమవారం పొద్దుటి విమానానికి టికెట్టు దొరికింది.

"ఒక్క దినమన్న మ్యూనిక్ చూడకుంట పోతవా అమ్మా? ఆదివారం పోదాం పా," అంది పద్మ.

విమానం ఎక్కాలంటే కరోనా లేదని ముద్ర వేసిన కాగితం చూపించాలి. ఫోన్లో చూపిస్తే కుదరదట. దేవుడు వరమిచ్చినా కాగితం లేనిదే విమానంవాడు ఎక్కించుకోడు. ముక్కులో పుల్ల పెట్టి చూసినవాళ్లు ఆదివారం పొద్దున్నే కాగితం చేతికిచ్చి, తలుపు మూసుకుని ఇళ్లకు పోయారు. మళ్లీ తెరిచేసరికి నా విమానం ఆకాశంలో ఉంటుంది.

"ఇటియ్యి, నా బ్యాగుల వెడ్త," అంది పద్మ.

"నీ బ్యాగుల నీ తాళంచెవే దొరకది. నా కాగితం దొరుకుతదా?" అన్నాను.

రొండిన దోపుకుందామంటే చీర మీద మోకాళ్ల దాకా జిప్పు కోటు. అందుకని నాలుగు మడతలు పెట్టి, కుడి బూటు లోపలి అట్ట కింద దాచాను. మా ఆయన బతికున్నప్పుడు అనేవాడు, "నువ్వు దాసింది నీకే దొరకది, ఇగ దొంగకేం దొరుకుతదే!" అని. ఎంత గొప్ప మాటో ఆ రోజే తెలిసింది.

బూట్ల గురించి కూడా చెప్పాలి. పద్మ కొనిచ్చిన ఎర్ర గుడ్డ బూట్లు. ఒకదాని తాడు తెగితే నా లంగా నాడా ఎక్కించాను, చిలకపచ్చది. గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

బొమ్మలు తిరిగే గడియారం చూశాం. బొమ్మల కంటే నా మెడే ఎక్కువ తిరిగింది. తర్వాత పెద్ద చర్చి కనబడింది. పద్మ వాకిట్లో ఆగి ఫోన్ మాట్లాడుతోంది. పక్కింటి గోడకు ఆనించి ఒక అట్టపెట్టె, దానిలో ఒక జత చెప్పులు, పిల్లల బూట్లు. ‘ఆహా, వీళ్లకూ భక్తి ఉంది, స్టాండు కూడా పెట్టారు’ అని మురిసిపోయి నా బూట్లు విప్పి, జతగా సర్ది, లోపలికి పోయి దండం పెట్టుకున్నాను. రోగం లేదన్నందుకు ఆ దేవుడికి కూడా ఒక దండం బాకీ కదా!

వెనక నుంచి పద్మ వచ్చింది. "అమ్మా, నీ బూట్లేవి?"

"స్టాండుల వెట్టిన."

"ఏం స్టాండు? ఈడ చర్చిల ఎవ్వలు ఇప్పరు!"

బయటికి పరుగెత్తాం. పెట్టెలో నా బూట్లు లేవు. ఇందాక లేని గోధుమరంగు తోలు బూట్లు ఉన్నాయి. పద్మ అట్ట మీది రాత చదివి తల పట్టుకుంది.

"ఎవలకు గావాల్నంటే వాళ్లు ఉత్తగ తీస్కపోన్రి అని రాసిండ్రు అమ్మా! మన గల్లీల గిసోంటి డబ్బాలకెల్లే గద నువ్వు గా కప్పులు తెచ్చింది?"

తెచ్చాను. పదకొండు నెలలు తెచ్చి తెచ్చి, ఆ రోజు ఊరి రుణం తీర్చుకున్నాను. రామేశ్వరం పోయినా శనేశ్వరం తప్పదంటారు. మ్యూనిక్ పోయినా గుడి ముందు చెప్పులు పోవడం తప్పలేదు.

"పోనియ్యి తియ్. పాత బూట్లే గద."

నేను పెట్టెలో చెయ్యి పెట్టి అడుగుదాకా వెతుకుతున్నాను.

"అమ్మా... కాగితం యాడ వెట్టినవ్?"

నా మేజోళ్ల కాళ్ల వైపు వేలు చూపించాను. పద్మ మెట్ల మీద కూలబడింది.

ఆదివారం ఆ దేశంలో బూట్ల దుకాణం తెరవరు. ఆ తోలు బూట్లే తొడుక్కుని వీధిన పడ్డాను. ఎదురుగా ట్రామ్ ఆగేచోట జనం. అందరికీ మాస్కులే. ఉంటే ఏం? నాకు కావలసింది మొహాలు కాదు, కాళ్లు! ఒక్కో జత చూసుకుంటూ పోయాను. చివర్లో ఒక తెల్లజుట్టు పెద్దావిడ కాలి మీద చిలకపచ్చ నాడా!

ట్రామ్ వస్తోంది. "ఓ పెద్దమ్మా, ఆగు!" అని అరిచి, ఏం చేయాలో తోచక వంగి ఆమె పాదం పట్టేసుకున్నాను. దీవెన అడుగుతున్నాననుకుందో ఏమో, ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది.

పద్మ రొప్పుతూ వచ్చి జర్మన్‌లో సంగతి చెప్పింది. పెద్దావిడ బెంచీ మీద కూర్చుని, బూటు విప్పి, అట్ట కింద నుంచి కాగితం తీసి, చదివి, పొట్ట ఊగేలా నవ్వుతూ ఏదో అంది.

"ఏమంటుందే?"

"‘గీ రోగం దినాలల్ల ఎవలియో బూట్లు తొడుక్కుంటినని బుగులువడ్డ. బూట్లకు సుత రోగం లేదని సర్టిఫికెట్ వెట్టి దానం జేసెటోళ్లను ఇయ్యాల్నే జూసిన’ అంటుంది!"

తర్వాత ఆమె నా కాళ్లు చూసి మళ్లీ నవ్వింది. ఆ తోలు బూట్లు ఆమెవేనట. వేళ్లు నొక్కుతున్నాయని వదిలేసి, మెత్తగా ఉన్నాయని నావి తొడుక్కుందట. నాకేమో ఆమెవి కొలిచి కుట్టినట్టు ఉన్నాయి.

"ఉంచుకొమ్మను. గా నాడా ముడి ఎట్ల ఇప్పాల్నో జెప్పు," అన్నాను. కాగితం మాత్రం ఈసారి పద్మ బ్యాగులోకి పోయింది.

సోమవారం విమానాశ్రయంలో కాగితం మడత విప్పిన అధికారి దానివైపు చూసి, నావైపు చూసి, మాస్కు మీద ఇంకో మాస్కు పెట్టుకున్నాడు. ముద్ర మాత్రం కొట్టాడు.

అందుకని సకల దేవుళ్ల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీద ఏ దేశంలో, ఏ దేవుడి ముందు జోడు విప్పినా, చంకలో పెట్టుకునే దండం పెడతాను. రెండు చేతులూ కలవకపోతే దేవుడే సర్దుకోవాలి.