ముట్టుకోని ముక్క

పతకాల్లో ఉల్కముక్కలు పొదిగే ఆవిడను పనిచోట అందరూ ‘తడిచెయ్యి’ అంటారు. కంగారు పడితే ఆమె అరచేతులు చెమరుస్తాయి. చెమరుస్తాయేమోనన్న కంగారుకు మరింత చెమరుస్తాయి. ఏది కారణమో ఏది ఫలితమో విడదీయలేని ఈ వలయంలోనే ఆమె బతుకు సగం గడిచింది. వెండిపని చేసినన్నాళ్లూ అది నవ్వులాటకే పనికివచ్చింది. ఆకాశం నుంచి రాలిన ఇనుము బల్లమీదికి వచ్చాక నవ్వు ఆగిపోయింది. ఇనుముకు చెమట పడదు.

పరుగుపందెం విజేతలకని చేసి పంపిన పతకాల్లో ఒకటి తిరిగివచ్చింది. నడుమనున్న ఉల్కముక్కమీద ఆవగింజంత తుప్పు. మేస్త్రి దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు.

“చేతి తొడుగులు వేసుకునే చేశావా?”

“వేసుకునేనండీ.”

“మధ్యలో ఎప్పుడూ తియ్యలేదూ?”

ఆమె అరచేతులు వెనక్కి దాచుకుంది. తొడుగుల్లో వేళ్లు మొద్దుబారి, ముక్క గాడిలో కూర్చోనని మొరాయిస్తే, ఒక్కోసారి తీసేది.

మేస్త్రి చెడ్డవాడు కాడు. న్యాయంగా ఉండాలనుకునే మనిషి. భయపెట్టడానికి అది చాలు. అదే ఉల్కనుంచి కోసిన రెండు ముక్కలు తెచ్చాడు. ఒకటి ఆమె అరచేతిలో పెట్టి గుప్పిట మూయించి, తర్వాత ఒక డబ్బాలో వేశాడు. రెండోది పట్టుకారుతోనే తీసి, ఎవరి చెయ్యీ తగలకుండా వేరే డబ్బాలో వేశాడు. డబ్బాలు రెండూ సొరుగులోకి వెళ్లాయి.

“సోమవారం చూద్దాం. నువ్వు ముట్టుకున్నదే తుప్పు పడితే, ప్యాకింగులోకి మారిపోదువుగాని. కోపంతో అనడం లేదమ్మా.”

అక్కడే మెరుగు పెట్టే మరమీద పనిచేసే వదిన, ఇంటిదారిలో ఊరుకోలేదు.

“హాయిగా ప్యాకింగుకి పోవే. అట్టపెట్టెలకి తుప్పు పట్టదు.”

“నవ్వకు వదినా. నాకింకో పని చేతకాదు.”

“నిప్పుల్లో కాలి, ఎక్కడో మట్టిలో ఏళ్లకేళ్లు నాని వచ్చిన రాయే అది. నీ చెమటకే చచ్చిపోతుందా? మరీ గొప్పలు పోకు!”

ఆమె నవ్వలేకపోయింది. ముక్క గాడిలో కుదురుకున్నప్పుడు వేలికొసకు ఒక చిన్న నిశ్చలత్వం తెలుస్తుంది. రోజు మొత్తంలో ఆమె మనసు నిలిచేది ఆ కాసేపే. అట్టపెట్టెల్లో అది దొరకదు.

సోమవారం దాకా ఆగలేక, గురువారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక ఆమె సొరుగు లాగింది. తాళం లేదు, మేస్త్రి నమ్మకమే తాళం. మొదటి డబ్బా తెరిచింది. ముక్కమీద గోధుమరంగు చుక్క. రెండోదాన్ని కూడా ఒకసారి అరచేత నొక్కితే తేడా మాసిపోతుంది. ఆ మూత తీసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎవరూ ముట్టని ఆ ముక్క అంచున ఇంకా పెద్ద తుప్పు.

“ముట్టుకున్నావా?” గుమ్మంలో మేస్త్రి.

“లేదండీ.” మూత పక్కన పెట్టింది. “ముట్టుకుందామనే తీశాను.”

చేసిన పనికి శిక్ష ఎంతో ఎవరైనా చెప్పగలరు. చేయబోయినదానికి ఎంతో ఆమెకు తెలియలేదు. మేస్త్రి దగ్గరికి వచ్చి పట్టుకారుతో ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇప్పుడు ముట్టుకుంటే తుప్పు ఇప్పుడే లేవదు,” అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. “ఇది లోపల్నించే వచ్చింది. రాయిలోనే ఉంది.”

ఆమెకు ఊపిరి తిరిగివచ్చింది. ఆ ఊపిరి పూర్తికాకముందే ఇంకొకటి తోచింది.

“మరి మనం పంపినవన్నీ ఈ రాయివేగా, అండీ?”

మేస్త్రి మూత పెట్టబోతే పట్టుకారు వేళ్లలోంచి జారి నేలమీద మోగింది. అరచేతిని చొక్కాకు రుద్దుకున్నాడు, మళ్లీ రుద్దుకున్నాడు.

ఆమె తన బల్లదగ్గరికి వెళ్లి, చేతులు తుడుచుకునే గుడ్డ తెచ్చి అతనికి అందించింది.